రొయ్యల గుంటకి ముందు ఏది కొనాలి: ఫీడరా, సెన్సారా, యాపా?

మొన్న ఇందుకూరుపేట దగ్గర ఒక గుంట గట్టు మీద నిలబడి, డీలరు ఇచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకుని రొయ్యలు మేత తినే చప్పుడు విన్నాను. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టే ఉంది. నీళ్లలో మునిగి ఉన్న మైకు ఆ చప్పుడు పట్టుకుంటుంది. దాన్ని హైడ్రోఫోన్ అంటారు. చప్పుడు పెరిగితే ఫీడరు మేత వదులుతుంది, తగ్గితే ఆపేస్తుంది. పదిహేనేళ్లుగా గుంటలో దించిన మేత పళ్లెం, అంటే చెక్ ట్రే, ఎత్తి చూసి మేత లెక్క వేసుకునే మా బావ ఆ హెడ్‌ఫోన్ తీసి, "ఇది పెడితే ఈక్వెడార్ వాళ్లతో సమానం అయిపోతామా?" అని అడిగాడు. డీలరు "అయిపోతారు సార్" అన్నాడు. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. ఎందుకు మింగుడు పడలేదో తేల్చుకోవడానికి రెండు రోజులు కాగితం మీద లెక్కలు వేశాను. ఆ లెక్కలు కొత్తపట్నం నుంచి ముత్తుకూరు దాకా గుంటలు పెట్టుకుని, ఇప్పుడు చేతిలో ఉన్న కాస్త డబ్బు దేని మీద పెట్టాలా అని చూస్తున్న వాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

అవతలి వాళ్ల గుంట ఎలా ఉంటుంది

మనం పెంచే వనామీ మన రొయ్య కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని సొంత ఊరు. రొయ్య ఎగుమతిలో మనకి పోటీ అయిన ఈక్వెడార్ ఆ తీరంలోనే ఉంది. తొంభైల్లో వైట్ స్పాట్ రోగం వచ్చి టైగర్ రొయ్య కుప్పకూలాక, 2009లో మన దేశంలో వనామీకి అనుమతి వచ్చింది. అక్కడి నుంచి నెల్లూరు మళ్లీ లేచింది. 2023-24లో దేశం నుంచి 7.16 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్య ఎగుమతి అయింది. అందులో 2.97 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. 2023లో ఈక్వెడార్ పంపింది సుమారు 12 లక్షల టన్నులు. విస్తీర్ణంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతే ఉన్న దేశం అది.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు ఈక్వెడార్ మీద పడింది 15 శాతం. ఆ వారం మన గుంటల దగ్గర రొయ్య రేటు ఎలా పడిపోయిందో గుర్తున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. సుంకాలు ఎక్కుతాయి, దిగుతాయి, వాటి మీద మన మాట చెల్లదు. కిలో రొయ్య తయారవడానికి పడే ఖర్చు మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది. ఇప్పుడు గట్టు మీదకి వచ్చే ప్రతి డీలరూ ఆ ఖర్చు పేరు చెప్పే మిషను అమ్ముతున్నాడు.

ఈక్వెడార్ వాళ్లు అంత ఫీడర్లు ఎందుకు పెట్టారో చూడాలి. వాళ్ల గుంటలు చాలావరకు ఎకరాల్లో కాదు, హెక్టార్లలో ఉంటాయి. చదరపు మీటరుకి వదిలే పిల్ల తక్కువ. అంత పెద్ద నీళ్లలో మనిషి పడవేసుకుని రోజుకి రెండుసార్లు మేత చల్లితే సగం రొయ్యకి అందదు, అందిన చోట మిగిలిపోతుంది. కూలీ కూడా మన దగ్గర కంటే ఖరీదు. కాబట్టి చప్పుడు విని రోజంతా కొంచెం కొంచెంగా మేత వేసే మిషను వాళ్లకి సరిగ్గా సరిపోయింది. ఆ టెక్నిక్‌ని ముందుండి నడిపించిన కంపెనీ ఆస్ట్రేలియాలోని టాస్మేనియాది, ఏక్యూ1 సిస్టమ్స్. అంటే టాస్మేనియాలో తయారైన ఒక సాఫ్ట్‌వేర్ ఈక్వెడార్ రైతు మేత ఖర్చు తగ్గిస్తే, దాని దెబ్బ బోగోలులో కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) రేటు మీద పడుతోంది. డిజిటల్ పోటీ అంటే మనకి ఇదే రూపంలో కనిపిస్తుంది.

మరి మన గుంట? ఎకరం నుంచి రెండున్నర ఎకరాలు. ఎకరానికి లక్ష పిల్ల వదిలితే చదరపు మీటరుకి 25 పడుతుంది. రెండు లక్షలు వదిలితే 50. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన హద్దు 60. రాత్రంతా నీళ్లు చిలికి ఆక్సిజన్ ఎక్కించే ఏరియేటర్లు తిరగాల్సిందే. గట్టు మీద నుంచి, కాదంటే తెప్ప మీద తాడు పట్టుకుని చల్లినా మేత నాలుగు మూలలకీ అందుతుంది. వాళ్ల బాధ దూరం, మన బాధ ఇరుకు. ఇరుకులో డబ్బు పోయేది ముందు ఆక్సిజన్ దగ్గర, రోగం దగ్గర. మేత దగ్గర కూడా పోతుంది, అయితే ఎంత పోతుందో గుంట గుంటకీ మారుతుంది. కొనే ముందు ఎవరి డబ్బు ఎక్కడ కారిపోతోందో వాళ్లు చూసుకోవాలి. నా సలహా మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆక్సిజన్ కాపలా: మూడు రకాలు

నాలుగేళ్ల కిందట మే నెలలో, 74వ రోజు క్రాప్. తెల్లవారుజాము మూడుంబావుకి కాపలా పిల్లోడు ఫోన్ చేశాడు. "అన్నా, రొయ్య అంచుకొచ్చి తేలతా ఉండాదన్నా." నేను మంచం మీదే ఫోన్‌లో సెన్సారు యాప్ తెరిచాను. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 5.1 చూపిస్తోంది. "టార్చి వెలుగుకి వచ్చుంటాయిలేరా" అని పెట్టేశాను. పావుగంట తర్వాత మనసొప్పక బండేసుకుని వెళ్లాను. అంచు పొడవునా రొయ్య తలలు పైకెత్తి ఉంది. యాప్‌లో నేను చూసింది రాత్రి పది గంటల రీడింగ్. గట్టు మీద సిగ్నల్ పోయి కొత్త రీడింగ్ రాలేదు. ఆ సంగతి అంకె కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నిద్రమత్తులో నేను చూడలేదు. ఒక ఏరియేటర్ సెట్ ఫేజ్ పోయి ఆగిపోయి ఉంది. పొద్దున్నే ఉన్నది ఉన్నట్టు పట్టుబడి చేసి, అంటే రొయ్యంతా పట్టేసి, వచ్చిన రేటుకి ఇచ్చేశాం. ఆ పిల్లోడి మాట విని ఉంటే సగం నష్టం తప్పేది. ఆ సంగతి నేను మర్చిపోను.

అందుకే ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను. నీటిలో పచ్చదనం, అంటే ప్లాంక్టన్, పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయ్యేసరికి అదే ప్లాంక్టన్ రొయ్యతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లారేముందు డీవో అన్నిటికంటే కిందకి దిగుతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంటే నిద్రపోవచ్చు. 3 కిందకి దిగితే రొయ్యకి కష్టం మొదలైనట్టు.

మొదటి రకం చేతి మీటరు. గట్టు మీద తిరుగుతూ నాలుగు గుంటలకీ ఒకే మీటరు వాడొచ్చు. రెండు సంగతులు గుర్తుంటే చాలు: అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడాలి, చూసింది రాయాలి. సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి వచ్చిన రెండు అంకెలు కాగితం మీద పెట్టి గీత గీస్తే ఆ గీత తెల్లారేసరికి ఎక్కడికి దిగుతుందో దాదాపుగా తెలిసిపోతుంది. ఇది పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది.

రెండో రకం గుంటలోనే ఉండే సెన్సారు. పది నిమిషాలకోసారి చూసి ఫోన్‌కి పంపుతుంది, కొన్ని అయితే డీవో తగ్గగానే ఏరియేటర్లు అవే వేస్తాయి. బాగుంటే దీన్ని మించింది లేదు. కాకపోతే నీళ్లలో ఉన్న ఏ వస్తువైనా మూడు రోజుల్లో పాచి పడుతుంది, ప్రోబ్ కూడా అంతే. గాల్వానిక్ రకమైతే పొర, లోపలి ద్రవం మారుస్తూ ఉండాలి. ఆప్టికల్ రకమైతే పని తక్కువ, కానీ దాని మూతిమీది క్యాప్ కొంతకాలానికి మార్చాలి. ఆ క్యాప్ ఖరీదు మిషను కొనేరోజే అడగండి. ఇంకో సంగతి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు వాళ్లకి ఇది ముఖ్యం. క్రీకు నీళ్ల గుంటల్లో ఎండాకాలం ఉప్పుదనం పెరిగేకొద్దీ నీరు పట్టుకునే ఆక్సిజన్ తగ్గుతుంది. 30 డిగ్రీల మంచినీటిలో ఏడున్నర మిల్లీగ్రాముల దాకా పడితే, సముద్రమంత ఉప్పున్న నీటిలో ఆరు పైచిలుకే పడుతుంది. మీటరులో సాలినిటీ సరిగా పెట్టకపోతే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మనల్ని నిద్రపుచ్చుతుంది.

మూడో రకం గురించి డీలర్లు ఎక్కువ మాట్లాడరు, ఎందుకంటే దాంట్లో వాళ్లకి మిగిలేది తక్కువ. ఏరియేటర్ స్టార్టరుకి పెట్టే సిమ్ డబ్బా. కరెంటు పోయినా, ఒక ఫేజ్ పోయినా, మోటారు లాగే కరెంటు తేడా వచ్చినా ఫోన్ మోగుతుంది. వరి మోటార్లకి మన రైతులు ఎప్పటినుంచో పెడుతున్న మొబైల్ స్టార్టర్ లాంటిదే. నా అనుభవంలో రాత్రి ప్రమాదాలు ఎక్కువగా ఏరియేటర్ ఆగడం వల్లే వచ్చాయి. అలాంటప్పుడు ఆక్సిజన్ కొలిచే ఖరీదైన కన్ను కంటే, ఏరియేటర్ ఆగిందని చెప్పే చౌక గొంతు ముందు పనికొస్తుంది.

నా ఓటు ఇలా. ఐదెకరాల లోపు ఉన్నవాళ్లు మూడో రకం డబ్బా పెట్టుకుని, ఒక మంచి చేతి మీటరు కొనుక్కోండి. చదరపు మీటరుకి 40 దాటి పిల్ల వదిలేవాళ్లు, పది ఎకరాలు పైన ఒకే చోట ఉన్నవాళ్లు గుంటలో సెన్సారు పెట్టండి, అయితే వారానికి రెండుసార్లు ప్రోబ్ తుడిచే మనిషి పేరు గోడ మీద రాసి పెట్టాకే. ఏది కొన్నా ఒక్క పరీక్ష చేయండి: డీలరు ఎదురుగా ఆ డబ్బాలో సిమ్ తీసేయమనండి. కొత్త రీడింగ్ రావడం లేదని ఫోన్ మోగాలి. నోటిఫికేషన్ కాదు, రింగ్. మోగకపోతే కొనొద్దు.

మేత: అసలు లెక్క ఇక్కడ

పెట్టుబడిలో సగం పైన మేతే తింటుంది, కాబట్టి అందరి చూపూ దీని మీదే. మామూలు ఎకరం తీసుకుందాం. లక్ష పిల్ల, 80 శాతం బతికి, 40 కౌంట్‌కి పట్టుబడి చేస్తే రెండు టన్నులు. ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి పట్టిన మేత కిలోలు) 1.5 అయితే మేత మూడు టన్నులు. కిలో 90 రూపాయలనుకుంటే 2 లక్షల 70 వేలు. ఇప్పుడు ఏదో ఒక పద్ధతి వల్ల ఎఫ్‌సీఆర్ 1.35కి దిగిందనుకోండి, 300 కిలోలు మిగులుతాయి, అంటే క్రాప్‌కి 27 వేలు. ఫీడరు ఖరీదుని ఈ 27 వేలతో భాగిస్తే ఎన్ని క్రాపులకి డబ్బు తిరిగొస్తుందో తెలుస్తుంది. డీలరు చెప్పిన శాతాలు పక్కన పెట్టి మీ పాత బిల్లులతో ఈ లెక్క వేయండి. మీ ఎఫ్‌సీఆర్ ఇప్పటికే 1.3 దగ్గర ఉంటే మిషనుకి మిగిల్చడానికి పెద్దగా ఏమీ లేదు. 1.7, 1.8 అయితే మిషను కంటే ముందు, మేత నిజంగా రొయ్యకే వెళ్తోందా అని చూడాలి. కొన్ని చోట్ల బస్తాలు గట్టు దాటి పోతుంటాయి, దానికి హైడ్రోఫోన్ పనిచేయదు.

పోల్చాల్సినవి మూడు. చేత్తో చల్లి చెక్ ట్రే చూసుకోవడం, టైమర్ ఫీడర్, చప్పుడు వినే ఫీడర్.

చెక్ ట్రేని చిన్నచూపు చూడకండి. మేత వేసిన రెండు గంటలకి ట్రే ఎత్తితే మిగిలిన గింజలే కాదు, రొయ్య పేగు నిండిందా, రెట్ట రంగేంటి, పెంకు మెత్తబడిందా, అన్నీ కనిపిస్తాయి. ఇంత చెప్పే మిషను ఇంకా రాలేదు. దాని బలహీనత మనిషి. అర్ధరాత్రి ట్రే ఎత్తాడో, ఎత్తకుండానే రాశాడో మనకి తెలీదు.

టైమర్ ఫీడర్ మనం చెప్పిన టైముకి చెప్పినంత వేస్తుంది. కొంచెం కొంచెంగా పదిసార్లు వేయడం వల్ల మేత నీళ్లలో నాని కరిగిపోయేది తగ్గుతుంది, కూలీ కలిసొస్తుంది. కానీ రొయ్య తింటోందో లేదో దానికి తెలీదు. అమావాస్యకీ పౌర్ణమికీ మోల్టింగ్ (పెంకు వదలడం) వచ్చి రొయ్య మేత తగ్గిస్తుందని మన దగ్గర చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మబ్బు పట్టినా, వాన పడినా అంతే. టైమర్ మాత్రం నిన్నటి లెక్కే ఇవాళా వేస్తుంది. మిగిలిన మేత అడుగున నల్లమట్టి అవుతుంది, అమ్మోనియా అవుతుంది, ఆ తర్వాత మనం మందుల షాపుకి వెళ్తాం. కాబట్టి టైమర్ పెట్టినవాళ్లు చెక్ ట్రే మానేయకూడదు. ట్రే చూసి రోజూ టైమర్ మార్చే ఓపిక ఉంటే, తక్కువ డబ్బుకి ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే.

చప్పుడు ఫీడరు బలం రోగం దగ్గర బయటపడుతుంది. రొయ్య తిండి తగ్గిస్తే అదే రోజు ఫోన్‌లో గీత పడిపోతుంది. తెల్ల రెట్ట కనిపించడానికి, పెరుగుదల ఆగిందని శాంపిలింగ్‌లో తెలియడానికి ముందే ఇది తెలుస్తుంది. ఎక్కువ సాంద్రత పెట్టినవాళ్లకి మూడు రోజుల ముందు హెచ్చరిక అంటే ఒక్కోసారి క్రాపంతా నిలబడడం. బలహీనతలూ చెప్పాలి. మొదటి నెల పొడి మేత, సన్న గింజ కాబట్టి చేత్తోనే చల్లాలి, మిషను పని నెల దాటాకే. జోరు వాన చప్పుడులో దానికి సరిగా వినబడదు. మేత ఒకే చోట గుండ్రంగా పడుతుంది, ఆ వలయం గుంట ఆకారానికి కుదరాలి. పొడవుగా సన్నగా ఉన్న గుంటకి ఒకటి సరిపోదు. అన్నిటికంటే, దగ్గర్లో బాగుచేసే మనిషి ఉండాలి. కావలి నుంచి మనిషి రావడానికి రెండు రోజులు పడితే ఆ రెండు రోజులూ మళ్లీ తెప్పే దిక్కు.

లీజు గుంటలున్న వాళ్లకి ఒక మాట. బరువైన మిషను కొంటే దాన్ని మరో చోటికి మోసుకెళ్లే ఖర్చు, గుంట యజమానితో మాట పట్టింపు, దొంగల భయం అన్నీ మీ నెత్తినే. లీజు మూడేళ్లకి రాసుకుని ఉంటే తప్ప చప్పుడు ఫీడరు జోలికి పోవద్దు.

పుస్తకం, యాప్, ఆ లెక్క ఎవరిది?

చాలామంది దీన్ని చివర్లో ఆలోచిస్తారు, నేనైతే మొదట పెడతాను. దీనికయ్యే ఖర్చు నోటు పుస్తకం ఖరీదు. పిల్ల ఏ హేచరీ, రోగం ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష రిపోర్టు ఉందా, ఏ రోజు ఎంత వదిలాం, రోజూ మేత, ట్రే, డీవో, వారం వారం సగటు బరువు, వేసిన ప్రతి మందూ దాని బిల్లుతో. ఇంతే. పుస్తకంలో రాసింది నెలకోసారి ఫోన్‌లో షీటులోకి ఎక్కిస్తే రెండు క్రాపుల తర్వాత మీ డబ్బు ఎక్కడ కారుతోందో మీకే కనిపిస్తుంది. అప్పుడు ఏ మిషను కొనాలో ఏ డీలరూ చెప్పక్కర్లేదు.

కంపెనీ యాపులు ఇదే పని అందంగా చేస్తాయి. కొన్ని మంచి సలహా కూడా ఇస్తాయి. అయితే ఆ యాప్ వెనక ఎవరున్నారో చూడండి. మన విజయవాడలో పుట్టి ఫీడర్లు, సెన్సార్లు తయారుచేసిన ఏరువాక టెక్నాలజీస్‌లో పెద్ద వాటా తర్వాత నెదర్లాండ్స్‌కి చెందిన మేతల సంస్థ న్యూట్రెకో కొంది. అందులో తప్పేమీ లేదు, పైగా మన కుర్రాళ్ల పనికి ప్రపంచంలో విలువ దొరికినందుకు నాకు గర్వంగా ఉంది. కానీ మేతల కంపెనీలు ఫీడర్లలోకి ఎందుకు వస్తున్నాయో ఆలోచించాలి. ఏ గుంటలో ఎప్పుడు ఎంత మేత పోతోందో తెలిస్తే వ్యాపారంలో అంతకంటే పెద్ద ఆస్తి లేదు. ఆ లెక్క మన గుంటలో పుట్టింది. కాబట్టి ఏ యాప్ తీసుకున్నా రెండు ప్రశ్నలు అడగండి. నేను మానేసిన రోజు నా లెక్కలన్నీ ఫైలుగా నాకిస్తారా? ఈ యాప్ చెప్పే మందు, మేత మీ కంపెనీదేనా, ఇంకోటి వాడినా సలహా ఇస్తారా? జవాబు సూటిగా రాకపోతే పుస్తకమే మేలు. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా తెచ్చిన వనామీ యాప్ కూడా ఒకసారి చూడండి, అది ప్రభుత్వ సంస్థది, మందులు అమ్ముకునే పని దానికి లేదు.

ఈ పుస్తకం విలువ ఇంకో చోట తెలుస్తుంది. 2018 డిసెంబరు 31 నుంచి అమెరికాలో దిగే రొయ్య ఎక్కడ పట్టుబడి అయిందో చెప్పే వివరాలు దిగుమతిదారు చూపించాలి. అదే ఏడాది ఈక్వెడార్‌లో కొన్ని పెద్ద కంపెనీలు కలిసి సస్టైనబుల్ ష్రింప్ పార్టనర్‌షిప్ పెట్టుకుని, 2019లో రాసింది మార్చడానికి వీల్లేని డిజిటల్ ఖాతా అయిన ఐబీఎం బ్లాక్‌చెయిన్‌లోకి తమ రొయ్య చరిత్ర ఎక్కించాయి. ప్యాకెట్ మీద కోడ్ స్కాన్ చేస్తే ఆ రొయ్య ఎక్కడ పెరిగిందో, యాంటీబయాటిక్ వాడలేదన్న సంగతీ కొనేవాళ్లకి కనిపించాలన్నది వాళ్ల ఉద్దేశం. మనం కౌంట్ అమ్ముతుంటే వాళ్లు కౌంట్‌తో పాటు చరిత్ర అమ్ముతున్నారు. ఐరోపా మన రొయ్య కంటైనర్లలో సగం తెరిచి పరీక్ష చేస్తోంది, పాత యాంటీబయాటిక్ కేసులే కారణం. అమెరికా సుంకం దెబ్బ తిన్నాక అందరి కళ్లూ ఐరోపా వైపు తిరిగాయి. 2025 సెప్టెంబరులో అక్కడ మరో 102 భారతీయ యూనిట్లకి అనుమతి కూడా వచ్చింది. ఆ తలుపులోంచి మన సరుకు వెళ్లాలంటే గుంట దగ్గర మందుల పుస్తకం శుభ్రంగా ఉండాలి. బ్లాక్‌చెయిన్ ఎగుమతిదారుడు చూసుకుంటాడు. దాంట్లోకి ఎక్కే మొదటి అంకె మాత్రం మన గట్టు మీద రాసిందే. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా దగ్గర ఫారం నమోదు ఇంకా చేయించుకోని వాళ్లు ముందు ఆ పని చేయండి.

అమ్మకం ఎవరికి?

ఇక్కడ నేను తక్కువే చెబుతాను, ఎందుకంటే చాలామందికి ఎంచుకునే వీలే ఉండదు. మేత, పిల్ల అప్పుకి ఇచ్చిన వాడికే సరుకు ఇవ్వాలి. ఆ ముడి ఉన్నంత కాలం ఏ ఆన్‌లైన్ రేటు చూసినా కడుపుమంటే. ముడి లేని వాళ్లకి మూడు దారులు. ఏజెంటు తెల్లారేసరికి ఐస్ లారీ పంపుతాడు, చిన్న సరుకైనా తీసుకుంటాడు, కౌంట్ దగ్గర, తూకం దగ్గర కోస్తాడు. ప్లాంటుకి నేరుగా ఇస్తే రేటు మెరుగు, కానీ లారీ నిండే సరుకు ఉండాలి, డబ్బు వచ్చేదాకా ఆగే ఓపిక ఉండాలి. మూడోది ఈ-శాంటా, 2021 ఏప్రిల్‌లో రైతునీ ఎగుమతిదారునీ మధ్యవర్తి లేకుండా కలపడానికి కేంద్రం తెచ్చిన వేదిక. ఒంటరి రైతు కంటే సంఘంగా ఉన్నవాళ్లకి అది నప్పుతుంది. చిన్న రొయ్య రైతుల సంఘాల కోసం ఉన్న నాక్సా అనే సంస్థ కింద సంఘం పెట్టుకుని నలుగురూ ఒకే వారంలో పిల్ల వదిలితే పట్టుబడీ ఒకేసారి వస్తుంది, అప్పుడు లారీ నిండుతుంది, బేరం మన నోటి నుంచి వస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే రేట్ల పట్టీ చూసి మాత్రం పట్టుబడి తేదీ పెట్టుకోకండి. అది ఏ కౌంట్‌కి, ఏ ఊరికి, కోతలు పోయాకా పోకముందా అన్నది ఆ పట్టీలో ఉండదు.

డ్రోన్లు, నీళ్లలో కెమెరా పెట్టి రొయ్య సైజు కొలిచే ఏఐ, ఇవన్నీ చూశాను. మన బురద నీటిలో కెమెరాకి కనిపించేది తక్కువ. ఇంకో ఐదేళ్లు ఆగినా కొంప మునగదు. ఆ డబ్బుతో ప్రతి పిల్ల లాటుకీ మీరే సొంతంగా పీసీఆర్ చేయించండి. హేచరీ ఇచ్చిన కాగితం కాదు, మీరు పంపిన శాంపిలు.

ఎవరికి ఏది

రెండు మూడు ఎకరాలు లీజుకి చేసేవాళ్లు పుస్తకం, స్టార్టర్ అలారం, చేతి మీటరు, పీసీఆర్ దగ్గర ఆగిపోండి. సొంతంగా ఐదు నుంచి పది ఎకరాలు ఉండి ఎఫ్‌సీఆర్ 1.5 పైన నడుస్తుంటే టైమర్ ఫీడరుతో మొదలెట్టి, చెక్ ట్రే వదలకుండా ఒక ఏడాది చూడండి. పది ఎకరాలు పైన, ఎక్కువ సాంద్రత, గుంటల దగ్గర ఎప్పుడూ ఉండలేని వాళ్లు, అంటే నెల్లూరులోనో ఒంగోలులోనో వేరే వ్యాపారం చూసుకునేవాళ్లు, సెన్సారూ చప్పుడు ఫీడరూ రెండూ తీసుకున్నా తప్పు లేదు. ఐదుగురు పక్కపక్క రైతులు ఉంటే మాత్రం నా సలహా వేరు: విడివిడిగా చిన్న మిషన్లు కొనే బదులు ఒక మంచి ఆప్టికల్ మీటరు, ఒక జనరేటరు, లెక్కలు రాయడానికి నెల జీతం మీద డిగ్రీ చదివిన ఒక అమ్మాయిని పెట్టుకోండి. ఆ అమ్మాయి జీతం ఐదు వాటాలైతే ఒక్కొక్కరికి పడేది చాలా తక్కువ, గట్టు మీద ఎవరి మాటా వినని లెక్క చేతికొస్తుంది.

మా బావ విషయానికి వస్తే, ఆయనకి ఆరు గుంటలు. ఆరింటికీ ఫీడర్లు ఒకేసారి పెడితే డిస్కౌంట్ అన్నాడు డీలరు. నేను ఒక్కటి చాలన్నాను. పక్కపక్కనే ఉన్న రెండు ఎకరం గుంటల్లో ఒకే హేచరీ పిల్ల, ఒకే రోజు, లెక్కపెట్టి లక్ష చొప్పున వదిలాం. ఒకదానికి నెల దాటాక చప్పుడు ఫీడరు పెట్టాం, రెండోదానికి తెప్ప, చెక్ ట్రే. రెండింటికీ ఒకే పుస్తకం, ఎడమ పేజీ ఒకటి, కుడి పేజీ ఇంకోటి. ఇవాళ్టికి 48వ రోజు. ఫీడరు గుంటలో ఇప్పటికి 55 కిలోల మేత తక్కువ పోయింది. నిన్న వల విసిరి తూకం వేస్తే సగటు బరువు అందులో 7.8 గ్రాములు, చెక్ ట్రే గుంటలో 7.6. తేడా ఇంకా చిన్నదే, పైగా వచ్చే వారం అమావాస్య. పట్టుబడి తర్వాత రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుందామని బావ అన్నాడు. డీలరుకి అప్పటిదాకా ఫోన్ చేయొద్దని చెప్పాం.